కథలోని ప్రశ్న తెర మీదికి ఎలా వస్తుంది

(ఒడిశాలోని బరంపురంలో తెలుగు పాఠకులు, సినిమా అభిమానులు కలిసి ఏర్పాటు చేసుకున్న సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

పెద్దలందరికీ నమస్కారం. కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లలకి ప్రత్యేకంగా నమస్కారం. ఈ సాయంత్రం నేను మాట్లాడేది చాలావరకు మీకోసమే.

సైన్స్ ఫిక్షన్ కథలు, నవలలు సినిమాలుగా వచ్చినప్పుడు కొన్ని ఎందుకు నిలబడతాయి, కొన్ని ఎందుకు కూలిపోతాయి? ఇదీ నాకిచ్చిన విషయం. హాలీవుడ్ గురించి, రష్యా గురించి చెప్పాల్సి వస్తుంది. కానీ మొదలు మాత్రం మన గంజాం జిల్లాలోనే పెడతాను. ఒక కథని ఇంకో రూపంలోకి తెచ్చే విద్య మన చుట్టుపక్కల ఊళ్ళకి కొత్తది కాదు.

భారత లీల మీలో చాలామంది చూసే ఉంటారు. అర్జునుడు సుభద్రని పెళ్ళాడిన కథ. ఆటలో ముఖ్యంగా నాలుగు పాత్రలు: అర్జునుడు, సుభద్ర, సత్యభామ, ద్వారి. ద్వారి అంటే వాకిలి కాపలావాడు. మహాభారతంలో ఈ ఘట్టం చదివితే అలాంటివాడు మనకి గుర్తుండడు. మన కళాకారులు మాత్రం ఆటలో అతనికి ఎంత చోటిచ్చారంటే, దాన్ని ద్వారీ లీల అని పిలవడమే అలవాటైపోయింది. ఎందుకిచ్చారు? రాజుల ఇంటి పెళ్ళిని ఊరి నడిబొడ్డున, రాత్రంతా, నేల మీద కూర్చున్న జనం ముందు ఆడాలి. అటు అర్జునుడితోనూ ఇటు జనంతోనూ మాట్లాడగలిగే మనిషి ఒకడు కావాలి. కావ్యంలో ఆ అవసరం లేదు, వేదిక మీద ఉంది. అందుకని కొంత తీసేశారు, కొంత కలిపారు. సుభద్ర మనసు, అర్జునుడి పట్టుదల మాత్రం వదల్లేదు. ఏది వదలొచ్చో ఏది వదలకూడదో వాళ్ళకి తెలుసు. నా ప్రసంగమంతా ఈ తెలివి గురించే.

ఇప్పుడు సైన్స్ ఫిక్షన్ సంగతికి వద్దాం. ఈ కథల నడుమ ఎప్పుడూ ఒక ప్రశ్న ఉంటుంది. లోకంలో ఒక్క విషయం మారిపోతే మనిషి ఏమవుతాడు? చచ్చిపోయినవాళ్ళు తిరిగొస్తే? పిల్లలు పుట్టడం ఆగిపోతే? రేపు జరగబోయేది ఇవాళే కనిపిస్తే? ఒక్క మార్పు, దాని వెనకాల వచ్చే పర్యవసానాలు. ఆ మార్పుకి ఒక నియమం ఉంటుంది. ఆ నియమాన్ని రచయిత చివరిదాకా గౌరవిస్తాడు.

ఇది మనకి తెలియని సంగతేం కాదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ సైన్స్ ఫిక్షన్ కాదు, ఒప్పుకుంటాను. కానీ ప్రియదర్శిని పెట్టెని తల్చుకోండి. తెరిచినవాళ్ళకి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. నియమం అంతే. శశిరేఖ చూస్తే అభిమన్యుడు కనిపించాడు. అదే పెట్టెలో కృష్ణుడు చూస్తే శకుని కనిపించాడు! నియమం మారలేదు, చూసే మనిషి మారాడు. ఆ ఒక్క షాట్‌తో కృష్ణుడి మనసులో ఏం నడుస్తోందో మనకి అర్థమైపోతుంది. ఎవరూ ఒక్క ముక్క కూడా వివరించక్కర్లేదు. సత్యపీఠం కూడా అంతే. ఎక్కినవాడు నిజమే చెప్పాలి. శకుని ఎక్కాడు, కుట్ర బయటపడింది. ఊహని ఒక వస్తువుగా చేసి, దాన్ని మనుషుల చేతుల్లో పెట్టి, ఒక్కొక్కరికీ ఏమవుతుందో చూపించారు. మంచి సైన్స్ ఫిక్షన్ సినిమా చేసే పని కూడా ఇదే.

నేను నమ్మేది ఒకటే మాట. కథలోని ప్రశ్నని పట్టుకుని, సంఘటనల్ని వదలగలిగిన దర్శకుడు గెలుస్తాడు. సంఘటనల్ని పట్టుకుని ప్రశ్నని జారవిడిచినవాడు, ఎంత డబ్బు పోసినా, ఓడిపోతాడు. ఇది ఊరికే చెప్తే సరిపోదు, కొన్ని సినిమాలు దగ్గరగా చూద్దాం.

నాకు చాలా ఇష్టమైనది ‘అరైవల్’. 2016లో డెనీ విల్‌నవ్ తీశాడు. దానికి మూలం టెడ్ చాంగ్ 1998లో రాసిన ‘స్టోరీ ఆఫ్ యువర్ లైఫ్’ అనే పెద్ద కథ. సినిమాకి రాసినతను ఎరిక్ హైసరర్. కథ ఏమిటంటే, గ్రహాంతరవాసులు వస్తారు. వాళ్ళ భాష నేర్చుకోవడానికి లూయీస్ అనే భాషాశాస్త్రవేత్తని పిలుస్తారు. వాళ్ళ రాత నేర్చుకునే కొద్దీ ఆమె కాలాన్ని చూసే తీరు మారిపోతుంది. ముందు, వెనక అనే తేడా పోతుంది. తనకి పుట్టబోయే కూతురి బతుకు, ఆ పిల్ల చావు కూడా, ఆమెకి ముందే తెలిసిపోతాయి.

చాంగ్ ఈ కథని కాగితం మీద ఎలా రాశాడో చూడండి. తల్లి కూతురితో మాట్లాడుతూ ఉంటుంది. ఇంకా పుట్టని పిల్లతో, నువ్వు ఇలా చేస్తావు, ఇలా అలుగుతావు అని జరగబోయేది చెప్తూ పోతుంది. నడుమ భౌతికశాస్త్రం వస్తుంది. కాంతి గాలిలోంచి నీళ్ళలోకి వెళ్ళేటప్పుడు అతి తక్కువ సమయం పట్టే దారిలో పోతుందని ఫెర్మా అనే గణితశాస్త్రవేత్త చెప్పిన సూత్రం. ఆ దారి ఎంచుకోవాలంటే తను ఎక్కడికి చేరాలో కాంతికి ముందే తెలిసి ఉండాలి కదా అని మనకి అనిపిస్తుంది. కథకి గుండెకాయ అది. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పుడు దీన్ని సినిమాగా ఎలా తీస్తారు? బోర్డు మీద బొమ్మ గీసి ఫెర్మా సూత్రం చెప్పిస్తే జనం లేచిపోతారు. తల్లి గొంతుతో రెండు గంటలు వాయిస్ ఓవర్ పెట్టినా అంతే. వాళ్ళు చేసిన పని చాలా గొప్పది. సినిమా మొదట్లోనే తల్లీకూతుళ్ళని చూపించారు. పాప పుట్టడం, ఆడుకోవడం, జబ్బు పడటం, పోవడం. మనం ఏమనుకుంటాం? ఇదంతా జరిగిపోయిందనుకుంటాం. సినిమాలు చూసీ చూసీ మనకి అలవాటైన విషయం అది. మొదట దుఃఖం చూపిస్తే అది ఫ్లాష్‌బ్యాక్ అని మనమే తీర్మానించుకుంటాం. లూయీస్ మొహంలో దిగులు చూసి, పాపం కూతురు పోయింది కదా అనుకుంటాం. సినిమా చివరికొచ్చేసరికి తెలుస్తుంది, ఆ పిల్ల ఇంకా పుట్టలేదని.

తెర మీద కనిపించే ఏ దృశ్యమైనా ఇప్పుడే జరుగుతున్నట్టు ఉంటుంది. ఇది నిన్న, ఇది రేపు అని దాని నుదుటి మీద రాసి ఉండదు. సినిమాకి ఉన్న ఆ గుణాన్నే వాళ్ళు కథ నడిపే సాధనంగా వాడుకున్నారు. లూయీస్‌కి కలిగిన అనుభవం మనకీ కలిగింది. రేపటిని చూస్తూ నిన్న అనుకున్నాం. చాంగ్ కాగితం మీద వాక్యాలతో చేసిన పనిని వాళ్ళు కట్‌లతో చేశారు. కథలో ఉన్న ఫెర్మా సూత్రం సినిమాలో కనబడదు, కానీ ఆ సూత్రం ఎందుకు ఉందో ఆ ప్రయోజనం మాత్రం నెరవేరింది.

మార్పులు ఇంకా ఉన్నాయి. కథలో కూతురు 25 ఏళ్ళ వయసులో కొండ ఎక్కుతూ ప్రమాదంలో పోతుంది. సినిమాలో ఇంకా చిన్న వయసులోనే, మందులేని జబ్బుతో పోతుంది. నేను దీని గురించి చాలా ఆలోచించాను. కొండ మీద ప్రమాదమైతే చూసేవాళ్ళందరూ ఒకే మాట అడుగుతారు: తెలిసినప్పుడు ఆ రోజు ఆపొచ్చు కదా? చాంగ్ కథలో ఆ ప్రశ్నకి జవాబుంది, కానీ అది నెమ్మదిగా, తర్కంతో వచ్చే జవాబు. సినిమాకి అంత తీరిక లేదు. జబ్బు అని మార్చగానే ఆపడం అనే మాటే పోయి, తెలిసీ కంటావా అన్న ఒక్క ప్రశ్న మిగిలింది. నా ఉద్దేశంలో ఇక్కడ సినిమా కొంత పోగొట్టుకుంది కూడా. భవిష్యత్తు తెలిసినవాళ్ళకి స్వేచ్ఛ ఉంటుందా అనే చాంగ్ ఆలోచన కథలో ఇంకా పదునుగా ఉంది. అయినా వాళ్ళు వదిలింది తెలిసి వదిలారు. అందుకే రెండూ నిలబడ్డాయి.

చైనా జనరల్, యుద్ధ భయం, చివరి ఫోన్ కాల్, ఇవన్నీ సినిమా కోసం కలిపినవి. అందులో కొంత మామూలు హాలీవుడ్ టెన్షన్. నాకు అంత అవసరం అనిపించలేదు.

ఇక రెండోది, ఇది పిల్లలు మరీ శ్రద్ధగా వినాలి. డబ్బు లేకుండా సైన్స్ ఫిక్షన్ తీయలేమని మనలో చాలామంది అనుకుంటారు. సోవియట్ రష్యాలో అర్కాదీ, బోరిస్ స్ట్రుగాట్‌స్కీ అనే అన్నదమ్ములు ఉండేవారు. 1972లో వాళ్ళ నవల ‘రోడ్‌సైడ్ పిక్నిక్’ వచ్చింది. గ్రహాంతరవాసులు భూమి మీద కాసేపు ఆగి వెళ్ళిపోయారు. మనతో మాట్లాడలేదు, మనల్ని పట్టించుకోలేదు. వాళ్ళు ఆగిన చోట వింత వస్తువులు మిగిలాయి. ఆ చోటే జోన్. లోపలికి వెళ్తే ప్రాణం పోవచ్చు. అయినా దొంగచాటుగా వెళ్ళి ఆ వస్తువులు తెచ్చి అమ్ముకుని బతికేవాళ్ళు ఉంటారు. నవల నిండా ఆ వస్తువుల వర్ణనలే. ఎముకల్ని కరిగించే పదార్థాలు, అర్థంకాని యంత్రాలు, చివరికి కోరిక తీర్చే ఒక బంగారు గోళం.

1979లో ఆంద్రేయ్ తార్కోవ్‌స్కీ దీన్ని ‘స్టాకర్’ అనే పేరుతో తీశాడు. స్క్రిప్టు ఆ అన్నదమ్ములే రాశారు, అదీ మళ్ళీ మళ్ళీ తిరగరాశారు. ఒకసారి తీసిన ఫిల్మ్ ల్యాబ్‌లో పాడైపోతే మళ్ళీ తీశారు. చివరికి నవలలోంచి ఏం మిగిలింది? ఒక జోన్. అందులో ఒక గది. ఆ గదిలోకి అడుగుపెట్టినవాడి లోపలి కోరిక నెరవేరుతుంది. అక్కడికి నడిచి వెళ్ళే ముగ్గురు మనుషులు: దారి చూపించేవాడు, ఒక రచయిత, ఒక ప్రొఫెసర్. వింత వస్తువులు లేవు, గ్రహాంతరవాసులు లేరు. ఎస్తోనియాలో, తాలిన్ చుట్టుపక్కల, పాడుబడ్డ జలవిద్యుత్ కేంద్రం దగ్గర తీశారు. గడ్డి, నీళ్ళు, తుప్పుపట్టిన ఇనుము. అంతే.

మరి అక్కడ ప్రమాదం ఉందని మనం ఎందుకు నమ్ముతాం? దారి చూపించేవాడు ఒక ఇనప నట్టుకి గుడ్డపేలిక కట్టి ముందుకి విసురుతాడు. అది పడిన చోటుదాకా ఒక్కొక్కరే నడుస్తారు. మళ్ళీ విసురుతాడు. నేరుగా వెళ్ళకూడదు, వచ్చిన దారిన తిరిగి రాకూడదు అంటాడు. నటుడి మొహంలో భయం నిజం. అతను భయపడుతున్నాడు కాబట్టి మనకీ భయం. నవలలో కూడా ఇలా విసరడం ఉంది. వంద వింతల్లోంచి తార్కోవ్‌స్కీ ఏరుకున్నది ఈ ఒక్కటి. నట్టుకి, గుడ్డముక్కకి ఎంత ఖర్చవుతుంది?

ఆ గది సంగతి చెప్పాలి. అంతకుముందు ఒక మనిషి తన తమ్ముడిని బతికించమని అడగడానికి ఆ గదిలోకి వెళ్ళాడు. ఇంటికొచ్చేసరికి తమ్ముడు రాలేదు, డబ్బు వచ్చింది. గది అతని నోటి మాట వినలేదు, లోపలి కోరిక తీర్చింది. అతను ఉరేసుకున్నాడు. ఈ సంగతి తెలిశాక రచయిత, ప్రొఫెసర్ ఆ గడప దాటలేకపోయారు. ప్రియదర్శిని పెట్టె ఇంత భయం కూడా పుట్టించగలదని నాకు ఈ సినిమా చూశాకే తెలిసింది. నీకు నిజంగా ఏది ప్రియమో చూడటానికి నీకు ధైర్యం ఉందా? మూల నవలలో ఆ ప్రశ్న చివరి పేజీల్లో వస్తుంది. సినిమా దాన్ని తీసుకొచ్చి నడుమ పెట్టింది.

కాబట్టి పిల్లలూ, గంజాం దగ్గర పాడుబడ్డ పొటగడ్ కోట ఉంది. గోపాల్‌పూర్‌లో పాత గోడలున్నాయి. మీ చేతిలో ఫోన్ ఉంది. ముందు కావలసింది ప్రశ్న.

ఒక కథ వేర్వేరు కాలాల్లో ఏమైందో చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది. హెచ్.జి. వెల్స్ 1895లో ‘ది టైమ్ మెషీన్’ రాశాడు. అతని మనిషి 802701వ సంవత్సరానికి వెళ్తాడు. అక్కడ నేల మీద అందంగా, పని తెలియకుండా బతికే ఎలాయ్‌లు. నేల కింద చీకట్లో యంత్రాలు నడిపే మోర్లాక్‌లు. ఆ కిందివాళ్ళు పైవాళ్ళని తింటారు. వెల్స్ అడిగిన ప్రశ్న అప్పటి ఇంగ్లండ్ గురించి. పనిచేసేవాళ్ళని గనుల్లోకి, నేలమాళిగల్లోకి తోసేసి పైన సుఖపడే సమాజం అలాగే పోతే చివరికి ఏమవుతుంది? కాలయంత్రం ఆ ప్రశ్న దగ్గరికి తీసుకెళ్ళే బండి మాత్రమే.

1960లో జార్జ్ పాల్ తీసిన సినిమాలో ఒక మార్పు ఉంది. సైరన్ మోగితే ఎలాయ్‌లు మత్తులో ఉన్నట్టు నేల కిందికి నడిచి వెళ్ళిపోతారు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల సైరన్ విని షెల్టర్లలోకి పరిగెత్తిన జనం హాల్లో కూర్చుని చూస్తున్నారు. వాళ్ళకి ఆ శబ్దం ఎలా తగిలి ఉంటుందో ఊహించండి. వెల్స్‌ది వర్గాల ప్రశ్న. ఇక్కడ అది యుద్ధం ప్రశ్నగా మారింది. ప్రశ్న మారినా బతికే ఉంది, ఎందుకంటే చూసేవాళ్ళ ఒంట్లో ఆ భయం ఉంది. 2002లో మళ్ళీ తీశారు. దర్శకుడు సైమన్ వెల్స్ ఆ రచయితకి మునిమనవడే. గ్రాఫిక్స్ చాలా బాగున్నాయి. హీరో ప్రేమించిన అమ్మాయి చనిపోతుంది, ఆమెని కాపాడుకోవడానికి అతను యంత్రం కడతాడు. గతాన్ని ఎందుకు మార్చలేకపోతున్నానని అడుగుతూ భవిష్యత్తులోకి వెళ్తాడు. అక్కడికెళ్ళాక మోర్లాక్‌లు ఉత్త రాక్షసులైపోయారు. వాళ్ళు ఒకప్పుడు ఎవరు, ఎవరు తోస్తే కిందికి పోయారు అన్నది ఎవరికీ పట్టలేదు. రక్తసంబంధం ఉన్నా ప్రశ్న దక్కలేదు.

మరి మన ‘ఆదిత్య 369’? 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీశారు. వెల్స్ నవలే దానికి ప్రేరణ. ఆయన అందులోంచి యంత్రం ఒక్కటే తీసుకున్నారు. ఎలాయ్‌లు లేరు, మోర్లాక్‌లు లేరు. తెలుగువాడి చేతికి కాలయంత్రం ఇస్తే మొదట ఎక్కడికి వెళ్తాడు అని ఆలోచించారు. కృష్ణదేవరాయల కొలువుకి వెళ్తాడు! భువనవిజయం చూడాలని, తెనాలి రామకృష్ణుడి పక్కన కూర్చోవాలని మన తాత ముత్తాతల కాలం నుంచీ కోరిక. ఆ కోరిక తీర్చారు. చంద్రమోహన్ తెనాలి రామకృష్ణుడు, బాలకృష్ణ రాయలు, మళ్ళీ ఆయనే ఈ కాలపు కుర్రాడు. అక్కడితో ఆగకుండా 2504కి తీసుకెళ్ళారు. అణుయుద్ధం తరవాత, రేడియేషన్‌కి భయపడి నేల కింద బతికే జనం. ఒక పక్క మనం గర్వపడే గతం, ఇంకో పక్క మనం తెచ్చిపెట్టుకోబోయే భవిష్యత్తు. ఈ రెంటినీ ఒకే బండిలో తిప్పి చూపించారు. దీన్ని వెల్స్ నవలకి సినిమా రూపం అని ఎవరూ అనరు, ఆయనా అనలేదు. కానీ పైదేశపు కథలోంచి ఏం తీసుకోవాలో, మన ఇంట్లోంచి ఏం కలపాలో నేర్చుకోవాలంటే నాకు తెలుగులో దీన్ని మించిన పాఠం కనబడలేదు. ఇంగ్లీషు సినిమాని ఉన్నది ఉన్నట్టు దించితే ఇది రాదు. బరంపురం థియేటర్లలో తెలుగు సినిమా చూస్తూ పెరిగిన మనందరికీ ఆ తేడా కళ్ళకి కనిపిస్తుంది.

ఇక్కడ సైన్స్ చెప్పే మాస్టార్లు కొందరున్నారు. సైన్స్ తప్పుగా చూపిస్తే సినిమా పోదా అని వాళ్ళు అడగొచ్చు. ‘ది మార్షియన్’ తీసుకోండి. ఆండీ వీర్ నవల, 2015లో రిడ్లీ స్కాట్ సినిమా. కథంతా అంగారకుడి మీద వచ్చిన పెద్ద తుపానుతో మొదలవుతుంది. ఆ గ్రహం మీద గాలి ఒత్తిడి మన భూమి మీద ఉన్నదాంట్లో నూటికి ఒక వంతు కూడా లేదు. అంత పల్చటి గాలి మనిషిని ఎత్తి పడేయలేదు. రచయితకి ఆ సంగతి తెలుసు, తెలిసే రాశాడు. ఎందుకంటే హీరోని అక్కడ ఒంటరిగా వదలాలి. ఆ ఒక్కటీ ఒప్పుకున్నాక మిగతాదంతా లెక్క ప్రకారం నడుస్తుంది. రాకెట్ ఇంధనంలోంచి నీళ్ళు చేయడం, మట్టిలో బంగాళాదుంపలు పండించడం, ఎన్ని రోజులకి ఎంత తిండి అని లెక్కేసుకోవడం. మొదట్లో ఒక అబద్ధాన్ని ప్రేక్షకుడు క్షమిస్తాడు. నడుమలో తను పెట్టుకున్న నియమాన్ని తనే తప్పితే మాత్రం క్షమించడు. నవలలో హీరో డైరీ రాస్తాడు, సినిమాలో కెమెరాతో మాట్లాడతాడు. అంత తేలిగ్గా కుదిరిపోయే నవలలు తక్కువ.

కుదరనివి ‘డ్యూన్’ లాంటివి. ఎడారి గ్రహం మీద నడిచే 1965 నాటి ఆ నవలలో సగం మనుషుల మనసుల్లోనే జరుగుతుంది. 1984లో డేవిడ్ లించ్ ఆ ఆలోచనలన్నిటినీ గుసగుస గొంతులతో వినిపించాడు. మొత్తం నవలని ఒక్క సినిమాలో కుక్కాల్సి వచ్చింది. మొహాలు చెప్పాల్సింది గొంతులు చెప్పేసరికి చూసేవాడికి చేయడానికి పని లేకపోయింది. విల్‌నవ్ అదే నవలని రెండు భాగాలు చేసి, 2021లో ఒకటి, 2024లో ఒకటి తెచ్చాడు. గొంతులు తగ్గించి ఇసుకనీ, నిశ్శబ్దాన్నీ పెట్టాడు.

‘బ్లేడ్ రన్నర్’ గురించి చెప్పకుండా ఆపలేను. ఫిలిప్ కె. డిక్ నవల 1968లో వచ్చింది, రిడ్లీ స్కాట్ సినిమా 1982లో. నవలలో జంతువులు దాదాపు అంతరించిపోయి ఉంటాయి. బతికున్న గొర్రెని పెంచుకోవడం పరువు, కొనలేనివాళ్ళు కరెంటు గొర్రెని పెంచుకుంటారు. ఒక కొత్త మతం ఉంటుంది. హీరోకి భార్య ఉంటుంది. సినిమాలో వీటిల్లో చాలావరకు లేవు. మిగిలింది ఒక పరీక్ష. ఎదుటివాడు మనిషా, మనిషిలా చేసిన బొమ్మా అని తేల్చడానికి ప్రశ్నలు అడుగుతూ కంటిపాపని చూస్తారు. జాలి ఉందా లేదా అని కంట్లో వెతుకుతారు. నవల మొత్తానికి మూలం ఆ పరీక్షే. స్కాట్ దాన్ని సినిమా మొదట్లోనే పెట్టి, ఇక అక్కణ్ణించి కళ్ళనే చూపిస్తూ పోయాడు. చివరికి వేటాడటానికి వచ్చిన మనిషిని ఆ బొమ్మే కాపాడుతుంది. జాలి ఎవరికుందో మనం చూస్తాం. విడుదలైనప్పుడు జనానికి అర్థం కాదేమోనన్న భయంతో హీరో గొంతుతో వివరణ పెట్టించారు. 1992లో ఆ వివరణ తీసేసిన ప్రతి వచ్చింది. ఇవాళ ఎక్కువమంది తల్చుకునేది ఆ వివరణ లేని సినిమానే. డిక్ పూర్తి సినిమా చూడలేదు. విడుదలకి కొన్ని నెలల ముందే చనిపోయాడు. తీసిన దాంట్లో కొంత భాగం మాత్రం చూసి సంతోషపడ్డాడు.

నా మాటలు ఇక్కడ ఆపి, మీ ప్రశ్నలు వింటాను.

ఒక యువకుడు: మాస్టారూ, మీరు చెప్పినట్టు అన్నీ మార్చేస్తే రచయితకి అన్యాయం కాదా? ఆయనకి నచ్చకపోతే?

మంచి ప్రశ్న నాయనా. స్తానిస్లావ్ లెమ్ అని పోలండ్ రచయిత. 1961లో ‘సొలారిస్’ రాశాడు. ఒక గ్రహం మీద సముద్రం ఉంటుంది, ఆ సముద్రానికే ఆలోచన ఉంటుంది. దాన్ని పరిశోధించడానికి వెళ్ళినవాళ్ళ దగ్గరికి అది వాళ్ళ మనసులోని మనుషుల్నే పంపుతుంది. చనిపోయిన భార్య తిరిగొస్తుంది. లెమ్ అడిగింది, మనిషికి ఏమాత్రం పోలికలేని బుద్ధిని మనిషి ఎప్పటికైనా అర్థం చేసుకోగలడా అని. తార్కోవ్‌స్కీ 1972లో తీసిన సినిమా సముద్రాన్ని కాస్త పక్కన పెట్టి, ఆ భర్త పశ్చాత్తాపం మీదే నిలబడింది. భూమి మీద తండ్రి ఇంటితో మొదలుపెట్టి, మళ్ళీ ఆ ఇంటితోనే ముగించాడు. నవలలో అది లేదు. లెమ్‌కి కోపం వచ్చింది, ఇతను నా నవల తీయలేదని చెప్పాడు. లెమ్ చెప్పింది నిజమే. సినిమా గొప్పదన్నదీ నిజమే. అందుకని నేనేమంటానంటే, ప్రశ్న మార్చుకుంటే కొత్త ప్రశ్న పాతదానికి తూగాలి. తార్కోవ్‌స్కీ ప్రశ్న తూగింది. అలా తూగే ప్రశ్న నీ దగ్గర లేకపోతే రచయిత ప్రశ్నే ఉంచుకో. బతికున్న రచయిత అయితే ముందు వెళ్ళి అడుగు, అనుమతి తీసుకో. కథ దొంగిలించకూడదు.

ఒక పెద్దాయన: పేరు మాత్రం వాడుకుని సినిమా తీస్తున్నారు కదండీ, దాన్నేమంటారు?

అవునండీ, అదీ జరుగుతుంది. 2004లో వచ్చిన ‘ఐ, రోబోట్’ మొదట ఐజాక్ అసిమోవ్ అనే రచయితతో సంబంధం లేకుండా రాసిన స్క్రిప్టు. తరవాత ఆయన పుస్తకం పేరు, రోబోలు తప్పక పాటించాలని ఆయన కథల్లో పెట్టిన మూడు సూత్రాలు తెచ్చి కలిపారు. అసిమోవ్ కథలు ఆ సూత్రాల మధ్య వచ్చే చిక్కుముడిని కూర్చుని విప్పే కథలు. సినిమా ఎక్కువగా పరుగులు, కాల్పులు. వినోదం ఉంది, కాదనను. అసిమోవ్ మాత్రం చాలా తక్కువ.

ఒక విద్యార్థిని: మాస్టారూ, మేం నలుగురం కలిసి షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకుంటున్నాం. మన ప్రాంతంలో సైన్స్ ఫిక్షన్ కథ ఎక్కడుందండీ? అన్నీ అమెరికాలోనే జరుగుతాయి కదా.

ఉందమ్మా, నువ్వు బస్సెక్కితే చేరేంత దగ్గర్లో ఉంది. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయని నీకు తెలుసు. గుడ్డులోంచి వచ్చేది మగదా ఆడదా అన్నది గుడ్డు పెట్టినప్పుడే నిర్ణయం కాదు, ఇసుక వేడిని బట్టి నిర్ణయమవుతుంది. ఇసుక చల్లగా ఉంటే మగవి ఎక్కువ, వేడెక్కితే ఆడవి ఎక్కువ. ఇది ఊహ కాదు, సైన్స్. ఇప్పుడు నీ ప్రశ్న వేసుకో. ఏటేటా ఎండ పెరిగి, ఒక సంవత్సరం అన్నీ ఆడవే పుడితే?

పొదంపేట పేరు వినే ఉంటావు. ఆ తీరంలో మన తెలుగు మాట్లాడే జాలరి కుటుంబాలున్నాయి. సముద్రం కోసేస్తుంటే పొదంపేటలో ఇళ్ళు కూలిపోయి జనం వేరే చోటికి వెళ్ళాల్సి వచ్చింది. అలాంటి ఊళ్ళో నీ వయసు పిల్ల ఒకతి ఉందనుకో. ఆమె దగ్గర ఒక థర్మామీటర్ ఉంది. గుడ్ల మీద తాటాకు పందిరి వేస్తే ఇసుక చల్లబడుతుంది, మగవి పుడతాయి. ఎన్ని గూళ్ళకి వేయాలి? ఏవి వదిలేయాలి? ఒక జాతిలో ఎన్ని మగవి పుట్టాలో నిర్ణయించే అధికారం ఆ పిల్ల చేతిలోకి వచ్చేసింది. వాళ్ళ నాన్న వల ఇదే నీళ్ళలో ఉంది. తాబేళ్ల కోసం వేట ఆపమంటే ఇంట్లో పొయ్యి వెలగదు. మన ఇళ్ళల్లో ఆడపిల్ల పుడుతుందా మగపిల్లాడు పుడతాడా అని ఎదురుచూసే పెద్దవాళ్ళు ఆ పిల్ల ఇంట్లోనూ ఉంటారు. అది నేను చెప్పక్కర్లేదు, నీకే తెలుస్తుంది.

దీనికి గ్రాఫిక్స్ అక్కర్లేదు. ఇసుకలో చెయ్యి పెట్టి వేడి చూసే షాట్ ఒకటి చాలు, తార్కోవ్‌స్కీ నట్టులాగా అదే సినిమా అంతా మోస్తుంది. మొదటిసారి చెయ్యి పెట్టినప్పుడు ఆమెకి ఏమీ తెలియదు. చివరిసారి పెట్టినప్పుడు అంతా తెలుసు. గుడ్లు పెట్టే కాలంలో అక్కడికి వెళ్ళే ముందు అటవీశాఖ వాళ్ళ అనుమతి అడగండి, రాత్రిపూట లైట్లు వేయకండి, పిల్ల తాబేళ్లు వెలుగుని చూసి దారి తప్పుతాయి. గూళ్ళని ముట్టుకోవద్దు, షూటింగ్ కోసం వేరేచోట ఉత్త ఇసుక తవ్వుకోండి.

అన్నిటికంటే ముందు దాన్ని కథగా రాయండి. తెలుగులో, ఒక పది పేజీలు. ఆ పిల్ల ఏ గూటికి పందిరి వేసిందో, దేనికి వేయలేదో కాగితం మీద తేల్చుకోండి. అది తేలాక నా దగ్గరికి తీసుకురండి, కలిసి చదువుదాం. కెమెరా ఎక్కడ పెట్టాలో తరవాత మాట్లాడుకోవచ్చు.